దాంపత్యకథలలో వినబడని భాష: యయాతి చరిత్రము నుండి చిల్లర దేవుళ్లు వఱకు

పొన్నికంటి తెలగనార్యుని యయాతి చరిత్రమును గుఱించి మన సాహిత్యచరిత్రలన్నియు రెండు సంగతులను తప్పక చెప్పుచున్నవి. అది తెలుగున వెలసిన మొదటి యచ్చతెనుగు కావ్యమనుట యొకటి. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున పటాన్‌చెరువున నధికారియై యుండిన అమీనుఖాను దానికి కృతిభర్త యనుట రెండవది. ఈ రెండును చెప్పి చరిత్రకారులు సాధారణముగ ముందునకు సాగిపోవుదురు. ఆ కావ్యము చెడిన కాపురమును గుఱించిన కథ యనునది మూడవ సంగతి. ఒక మహమ్మదీయ ప్రభువు, ఒక తెలుగు కవి, వారిరువురి నడుమ సంస్కృతమునకు గాని పారసీకమునకు గాని చోటీయని యొక భాష, ఆ భాషలో బ్రాహ్మణకన్యను పెండ్లాడిన క్షత్రియుని యింటి కలహము: ఇవి నాలుగును ఒక్క పుస్తకమున చేరుట కేవలము యాదృచ్ఛికమే కావచ్చును. అయినను దానినుండి యొక ప్రశ్న పుట్టుచున్నది. రెండు సంస్కృతులకు చెందిన ఆలుమగల కథను చెప్పునపుడు రచయిత యెవరి భాషలో చెప్పుచున్నాడు? ఆ భాషలో మాటాడు నవకాశము లేనివారికి కథలో నేమి జరుగుచున్నది?

హైదరాబాదు చుట్టును పుట్టిన, లేక హైదరాబాదుతో సంబంధము గల కల్పనాసాహిత్యమును ఈ ప్రశ్నతో చదివినచో నాకు తోచినది యిది. కాపురమందలి యొత్తిడికి మూల్యము చెల్లించువారు పరమతస్థులని గాని, తప్పు చేసినవారని గాని నిర్ణయింప వీలులేదు. కథనభాష యెవరికి దక్కలేదో వారే ఆ మూల్యమును చెల్లించుచున్నారు. ఈ సూత్రము అన్ని కృతులకును ఒకే తీరున సరిపోదు; సరిపోని చోట్లను గూడ చూపెదను.

ముందుగ ఈ ప్రాంతపు భాషాస్థితిని గుఱించి కొంత చెప్పవలసియున్నది. పటాన్‌చెరువునకు దక్షిణముగ సుమారు 20 కిలోమీటరుల దూరమున మొయినాబాదు కలదు. అచటినుండి బిజాపురపు బాట పట్టి పడమరకు పోయిన చేవెళ్ల వచ్చును. ముదురు మఱ్ఱిచెట్లకు పేరుపడిన ఆ బాట కుతుబ్‌షాహీల రాజధానిని ఆదిల్‌షాహీల రాజధాని దిక్కునకు కలుపునట్టిది. అసఫ్‌జాహీల కాలమున ఈ నగరపరిసరములందు నిజాము స్వంతభూములైన సర్ఫెఖాసు గ్రామములును, పాయగా ప్రభువుల జాగీరులును కలగలసి యుండెను. కచేరీలలో మొదట పారసీకము, 1880ల దశకము నుండి ఉర్దూ. పొలములలోను వంటయిండ్లలోను తెలుగు. సంతలలోను, మసీదు వాకిళ్లలోను, సేద్యము చేసికొను మహమ్మదీయుల లోగిళ్లలోను దక్కనీ.

ఈ దక్కనీయందు భాషాశాస్త్రజ్ఞులు చిరకాలముగ గుర్తించిన విశేషమొకటి కలదు. ఉత్తరహిందూస్థానపు వాడుకలో ఒకరి మాటను మరియొకరికి చేరవేయునపుడు "కి" యను పదమును ఆ మాటకు ముందుంచుదురు. దక్కనీలో "బోల్‌కే" యను పదమును మాటకు తరువాత నుంచుదురు. "ఆతూఁ బోల్‌కే బోల్యా" యనుట "వస్తనని చెప్పిండు" అనుటకు అక్షరాల సరి. "బోల్‌కే" తెలుగు "అని"కి నకలు. పదములను ఇచ్చిపుచ్చుకొనుట యే రెండు భాషల నడుమనైనను సంతలో జరుగును. దవాఖాన, కిరాయి, జల్ది మన పల్లెలకు అట్లే వచ్చినవి. వాక్యపు కట్టుబడి మాత్రము సంతలో మారునది కాదు. తరతరములుగ ఒకే మనిషి రెండు భాషలను ఒక్క నోట పలుకుచున్నపుడే యది మారును. ఇంకొక మాట. ఇంటి కలహమున మొదట పుట్టు వాక్యమిదియే గదా. అత్త యిట్లన్నదని, ఆడుబిడ్డ యట్లన్నదని, నీవు వత్తునని రాలేదని. చేవెళ్ల, మొయినాబాదు గ్రామములలో ఉర్దూ మాటాడు దంపతులు పోట్లాడుకొనినను ఆ పోట్లాటకు వెన్నెముక తెలుగు వ్యాకరణమే.

ఇంత దగ్గఱ కాపురము చేసిన భాషలకు బయట సమానగౌరవము లేకపోయెను. 1921 నవంబరు 12న హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణ సభలో అల్లంపల్లి వేంకటరామారావు తెలుగున ప్రసంగింపబోగా సభికులు గేలిచేసి ఆపిరి. ఆంధ్రజనసంఘము ఆ యవమానము నుండియే పుట్టెను. సంఘమును దిద్దుటకై కూడిన సభలోనే యింటి భాష కీ గతి పట్టుట గమనింపదగినది. దాని పరంపరలో వచ్చిన ఆంధ్రమహాసభకు 1936లో షాద్‌నగరున అధ్యక్షత వహించిన కొండా వెంకటరంగారెడ్డి మొయినాబాదు ప్రాంతమందలి పెద్దమంగళారమున పుట్టినవారు. తరువాతి కాలమున రంగారెడ్డి జిల్లాకు వారి పేరే పెట్టబడినది.

ఇక యయాతి కథ. ఇది భారతమందలి యాదిపర్వకథ; నన్నయ నాటినుండియు తెలుగువారికి పరిచితము. దైత్యరాజైన వృషపర్వుని కూతురు శర్మిష్ఠ. ఆ రాజునకు గురువైన శుక్రుని కూతురు దేవయాని. జలక్రీడవేళ చీరలు మారుటవలన పుట్టిన మాటపట్టింపు పెరిగి, శర్మిష్ఠ దేవయానిని బావిలో త్రోయించును. యయాతి ఆమెను వెడలదీయును. అలిగిన దేవయాని కోరిన పరిహారము శర్మిష్ఠ తనకు దాసిగ నుండుట. ఆ విధముగ రాజకుమారి దాసియై, దేవయాని పెండ్లి తరువాత ఆమె వెంట యయాతి యింటికి పోవును. శర్మిష్ఠను శయ్యకు పిలువరాదని శుక్రుడు అల్లునికి ముందే చెప్పును. యయాతి ఆ కట్టడిని దాటును. దేవయానికి యదుతుర్వసులు, శర్మిష్ఠకు ద్రుహ్యువు, అనువు, పూరువు కలుగుదురు. సంగతి బయటపడుట పెద్దల మాటలవలన గాదు, పసివాండ్రవలన. మీ తండ్రి యెవరని దేవయాని యడుగగా వారు యయాతిని చూపుదురు. ఆమె పుట్టింటికి పోవుట, శుక్రుని శాపము, యయాతికి ముదిమి, పూరువు తన యౌవనమును తండ్రికిచ్చుట యను కథాశేషము అందఱెఱిగినదే.

ఈ కథను వర్ణభేదవివాహపు కథగ చదువుట వాడుక. దేవయాని బ్రాహ్మణి, యయాతి క్షత్రియుడు; అది ప్రతిలోమము. కాని కథలో ఆ భేదము నిజముగ నొత్తిడి కలిగించు చోటు మిక్కిలి తక్కువ. యయాతి మొదట సంకోచించును, శుక్రుడు అనుజ్ఞ యిచ్చును, అంతటితో సమసిపోవును. ఒత్తిడి వచ్చినది పెండ్లితో పాటు నడచివచ్చిన మూడవ మనిషి వలన. అరణముగ వచ్చిన దాసి యా మూడవ మనిషి. ఆమె రాచకూతురగుట కథకు బిగువు నిచ్చుచున్నది గాని, ఆ స్థానమును కథ కల్పింపలేదు. లోకమున నున్నదానిని గైకొన్నది. పెండ్లికూతుతో దాసీలను పంపు నాచారము రాజగృహములలోను సంపన్నగృహములలోను బహుకాలము నిలిచినట్టిది. ఈ యాచారము తెలంగాణపు దొరల గడులలో ఇరువదవ శతాబ్దివఱకు ఏ పేరుతో నిలిచెనో ముందు చూతము.

తెలగనార్యుడు దీనిని అచ్చతెనుగున నేల చెప్పెను? కృతిపతి మహమ్మదీయుడు గావున సంస్కృతము తెలియదని, అందుచేత తేటతెలుగున చెప్పెనని కొందఱు సులభముగ నందురు. నాకీ సమాధానము చాలదు. అచ్చతెనుగు వాడుకమాట కాదు. తత్సమములను వర్జించుటకై కవి పడు శ్రమవలన పెక్కుచోట్ల నది సంస్కృతసమాసముకన్న కఠినమగును. నిఘంటువు లేనిదే దానిని చదువలేని యెం.ఏ. విద్యార్థుల సంగతి మన కందఱకును తెలిసినదే. అచ్చతెనుగు ఎవరి యింటి భాషయు కాదు కనుకనే అది యందఱకును చెల్లినదని నా యూహ. పురోహితుని సంస్కృతము, దర్బారు పారసీకము రెండును బయట నిలిచిపోగా నడుమ వెలసిన విద్వద్భాష యది. అందులో దేవయానియు, శర్మిష్ఠయు, యయాతియు ఒకే భాషలో వాదించుకొందురు. రాణి కొక పలుకుబడి, దాసి కొక పలుకుబడి లేదు. ఆ సమభాషవలననే శర్మిష్ఠకు తన పక్షమును తాను చెప్పుకొను భాగ్యము కలిగినది. ఆమెయే తన కోరికను నోరార చెప్పును. ఆమె కొడుకే చివరకు రాజ్యమును పొందును. భారతకథయందే యీ ఫలితము గలదనుట నిజము. కాని తరువాతి శతాబ్దులలో దాసికి ఇట్టి గొంతు మఱల దక్కలేదని గుర్తుంచుకొన్నపుడే దీని విలువ తెలియును.

అమీనుఖాను కాలమునకు తరువాత రెండు శతాబ్దులు దాటి, హైదరాబాదున నిజముగ జరిగిన పెండ్లి యొకటి కల్పనాసాహిత్యమున ప్రవేశించినది. 1798 నుండి 1805 వఱకు బ్రిటిషు రెసిడెంటుగ నుండిన జేమ్స్ అకిలీజ్ కర్క్‌పాట్రిక్, నగరపు గొప్పకుటుంబమందలి ఖైరున్నిసా బేగమును, ఇస్లామును స్వీకరించి పెండ్లాడెను. దానిపై కుంపెనీ పెద్దలు విచారణ జరిపించిరి. ఇద్దఱు బిడ్డలు కలిగిరి. 1805లో ఆ బిడ్డలను ఇంగ్లండునకు పంపివేసిరి. అదే సంవత్సరము అక్టోబరులో తండ్రి కలకత్తాలో మరణించెను. ఖైరున్నిసా తరువాత హెన్రీ రస్సెల్ అను నింకొక కుంపెనీ యుద్యోగిని నమ్మి, మచిలీపట్టణమున కొంతకాలము ప్రవాసముండి, అతనిచే విడువబడి, 1813లో హైదరాబాదున కన్నుమూసెను. విలియం డాల్రింపుల్ 2002లో ప్రకటించిన "వైట్ మొఘల్స్" అను చరిత్రగ్రంథము ఈ వృత్తాంతమును లోకమునకు తెలిపినది.

దీనిలో మన విషయమునకు ముఖ్యమైనది ఆ కూతురి సంగతి. కాథరిన్ అరోరా, వాడుకలో కిట్టీ, మూడేండ్ల ప్రాయమున హైదరాబాదు విడచినది. లండనున ఆమెను 1824లో చూచిన థామస్ కార్లైల్ తన "సార్టర్ రిసార్టస్" అను గ్రంథమున బ్లూమీన్ అను పాత్రను ఆమె ఛాయలో దిద్దెనని విమర్శకులలో ననేకు లందురు. కాదను వారును కలరు. అవునన్నచో, హైదరాబాదు బేగము కూతురు ఆంగ్లగద్యమున జర్మను పేరుతో నిలిచినదన్న మాట. చరిత్రలో జరిగినది ఇంతకన్న హృదయవిదారకము. 1840ల దశకమున కిట్టీకి తన యమ్మమ్మ షరఫున్నిసా హైదరాబాదున నింకను బ్రతికియున్నట్లు తెలిసి, వారి నడుమ ఉత్తరములు నడచెను. మనుమరాలు ఇంగ్లీషున వ్రాసెడిది. అమ్మమ్మ పారసీకమున చెప్పి వ్రాయించెడిది. నడుమ దుబాసీలు. బిడ్డగ నున్నపుడు తల్లియొడిలో పలికిన హిందూస్తానీ ఆ ఉత్తరములలో నెచ్చటను పనికిరాలేదు. ఒక కాపురపు భాష ఒక్క తరములో నెట్లు మాయమగునో తెలుపుట కింతకు మించిన నిదర్శనము నాకు కానరాదు.

రెసిడెన్సీ పరిసరములనుండియే మఱియొక రచయిత వెలువడెను. ఫిలిప్ మెడోస్ టేలర్ 1824లో పదునైదేండ్ల వయసున భారతదేశమునకు వచ్చి, నిజాము సైన్యమున చేరి, తరువాత షోరాపూరు సంస్థానపు వ్యవహారములను చాలకాలము చక్కబెట్టెను. అతని భార్య మేరీ, హైదరాబాదు సాహుకారు విలియం పామరు కూతురు. ఆ పామరు తండ్రి ఆంగ్ల సేనాధిపతి, తల్లి మొగలాయి స్త్రీ. కుంపెనీ 1791 నాటికే భారతీయమాతల బిడ్డలకు తన కొలువు తలుపులు మూసినందున పామరు వంటివారు నిజాము రాజ్యమున బ్రతుకు వెదకికొనిరి. ఇట్టి యింటి యల్లుడు 1872లో "సీత" అను నవలను ప్రకటించెను. 1657, 1757, 1857 సంవత్సరముల చుట్టు అల్లిన మూడు నవలలలో నది కడపటిది. తెలుగున రాజశేఖర చరిత్రము ఆఱేండ్ల తరువాత గాని వెలువడ నారంభింపలేదు.

సిరిల్ బ్రాండన్ అను ఇంగ్లీషు అధికారి భర్తను దోపిడికాండ్రు చంపగా వితంతువైన సీత యను హిందూయువతిని ప్రేమించి, హిందూ పద్ధతిని పెండ్లాడును. ఆంగ్లసమాజ మా పెండ్లిని పెండ్లిగ నంగీకరింపదు. 1857 తిరుగుబాటు వచ్చును. భర్తపైకి విసరిన యీటెను సీత తన మేన తాల్చి మరణించును. అటుపై బ్రాండన్ గ్రేస్ మోస్టిన్ అను నాంగ్లయువతిని పెండ్లాడును. టేలరు సహృదయుడు, సీతను ఉత్తమురాలుగ చిత్రించెను, ఆ కాలపు దొరలలో నట్టి దృష్టి యరుదు. అయినను తన యింటనే మిశ్రవంశపు భార్యతో కాపురము చేసినవాడు, నవలలో నట్టి కాపురమునకు వయసు మీరనీయలేదు. బిడ్డలు పెరిగి యే భాషలో మాటాడుదురు, ముసలితనమున నే దేవుని మ్రొక్కుదురు అను ప్రశ్నలు రాకముందే యీటె వచ్చును. సీత పలుకులన్నియు ఇంగ్లీషుననే పాఠకునికి చేరును. ఆమె స్వభాషలో భర్తతో నేమని వాదించెనో మనకు తెలియదు. త్యాగము చేసిన స్త్రీకి వాదము చేయు పని యుండదు గదా.

శాసనచరిత్ర యిచట కొంత తోడ్పడును. హిందూ వితంతువుల పునర్వివాహమునకు 1856 చట్టము వీలు కల్పించెను. "సీత" వెలువడిన 1872లోనే ప్రత్యేక వివాహచట్టము వచ్చెను. కాని దానిక్రింద పెండ్లాడ గోరువారు హిందూ, మహమ్మదీయ, క్రైస్తవాది మతములలో దేనిని అవలంబింపమని ప్రకటింపవలసి యుండెను. అనగా మతములు వేఱైన దంపతులు తమ తమ మతములతోనే కలిసి బ్రతుకుటకు ఆ చట్టమున దారి లేదు. ఆ దారి 1954 నాటి చట్టముతో గాని తెఱచుకొనలేదు. హిందూస్త్రీకి విడాకుల హక్కు సాధారణముగ 1955లో వచ్చెను. మన నవలలలో భిన్నమతదంపతులు లేచిపోవుట, చచ్చిపోవుట యను రెండు గతులే పొందుచున్నారని నిందించు విమర్శకులు ఈ తేదీలను మఱవరాదు. కాపురము నిలుచుటకు చట్టమున నిలువనీడ లేనపుడు నవలాకారుని చేతిలో మిగిలినవి ఆ రెండే.

చలము "మైదానము" (1927) ఈ నీడలేని చోటనే నడచును. ప్లీడరు భార్యయైన రాజేశ్వరి, అమీర్ అను మహమ్మదీయునితో ఇల్లు విడచి, ఊరికి దూరముగ మైదానమున నివసించును. ఇల్లు లేని చోట ఆచారము లేదు, అత్త లేదు, వంటింటి మడి లేదు. స్వేచ్ఛకు చలము కల్పించిన యీ రంగస్థలమును గుఱించి విమర్శకులు విరివిగ వ్రాసిరి. నాకు విచిత్రముగ తోచునది వేఱొకటి. రెండు మతములవారు కలిసి బ్రతికిన యీ కథలో మతభేదము దాదాపు మాటాడదు. రాజేశ్వరి తినుట, తాగుట, నీళ్లలో నాడుట తెలియును. అమీర్ నమాజు, అతని తల్లి, అతని యింటి పలుకు తెలియవు. కథ యంతయు రాజేశ్వరి నోటనే వచ్చును. అమీర్ పలికినదంతయు ఆమె తెలుగులో వడగట్టబడి మనకు చేరును. అతడు మఱొక యువతిని కోరుట, గర్భమును గుఱించి వారి నడుమ వచ్చిన ఘర్షణ, మీరా యను బాలుని రాక: ఈ మలుపు లన్నిటను రాజేశ్వరి మనసు గాజువలె స్పష్టము, అమీర్ మనసు గోడవలె మూసికొని యుండును. కడకు కత్తిపోటుతో పోవునది అమీర్ ప్రాణము.

"సీత"ను, "మైదానము"ను ప్రక్కప్రక్కన నుంచినచో ఆశ్చర్యము కలుగును. ఒకటి ఆంగ్లపురుషుని దృష్టి, రెండవది తెలుగుస్త్రీ గొంతు. ఒకదానిలో వివాహధర్మమునకు నమస్కారము, రెండవదానిలో తిరస్కారము. సిద్ధాంతమున నింత దూరమున్న రెండు నవలలును ముగింపున నొకే పని చేయుచున్నవి: కథనభాష తనది కాని భాగస్వామి ఆయుధపు మొనకు బలియగుచున్నాడు. టేలరు నవలలో భార్య పోయెను, చలము నవలలో ప్రియుడు పోయెను. మతమే కారణమన్నచో ఈ సామ్యము కుదరదు. స్త్రీపురుషభేదమే కారణమన్నను కుదరదు.

సరిపోని చోట్లను చూపుదునంటిని. అడివి బాపిరాజు "నారాయణరావు" 1934లో వేయిపడగలతో పాటు ఆంధ్రవిశ్వకళాపరిషత్తు బహుమానమును పంచుకొన్నది. జమీందారు కూతురు శారద, సంపన్నుడైనను జమీందారు కాని కుటుంబమువాడు నారాయణరావు. ఇద్దఱును ఒకే కులము, ఒకే భాష. ఒత్తిడి వచ్చినది అంతస్తు వలన, పుట్టింటివారి బోధ వలన. దంపతులిద్దఱికిని నవలలో గొంతున్నది, కాలము గడచిన కొలది శారద మనసు మారును, ఎవరును చావనక్కఱలేదు. విశ్వనాథ "ఏకవీర"లో భాష యొక్కటే యైనను సమాధానము కుదరలేదు గావున సమభాష యున్నచోట నెల్ల కాపురములు బాగుపడునని నేను చెప్పబోను. ప్రసంగవశమున నొక సంగతి: బాపిరాజు 1940ల దశకమున హైదరాబాదు వచ్చి "మీజాను" తెలుగు దినపత్రికకు సంపాదకుడయ్యెను. ఆ సంస్థ తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషలలో పత్రికలను ఒకే కప్పు క్రింద నడపినట్టిది. అట్టి కార్యాలయమున కూర్చున్న బాపిరాజు త్రిభాషల కాపురమును నవలగ వ్రాసియుండిన నెంత బాగుండెడిదో.

జీనత్ ఫతేహల్లీ ఇంగ్లీషున వ్రాసిన "జొహ్రా" (1951) హైదరాబాదు మహమ్మదీయ కుటుంబపు కథ. జొహ్రాకు పెద్దలు బషీరుతో పెండ్లి చేయుదురు. ఆమె మనసు మఱిది హమీదుపై నిలుచును. ఇచట మతము, భాష, అంతస్తు సమస్తమును ఒక్కటే. కాని విజ్ఞానమే లోకముగ గల భర్తకును, కవిత్వము, జాతీయోద్యమము నిండిన మఱిదికిని నడుమ రెండు సంస్కృతులంత దూరమున్నది. వారి ఉర్దూ మాటలన్నియు ఇంగ్లీషు ముసుగు కప్పుకొని వచ్చును. ఈ ముసుగు అందఱి ముఖములపైనను సమానమే గావున ఇందు భాషవలన నొకరికే నష్టము లేదు. యయాతి చరిత్రపు టచ్చతెనుగును ఈ విషయమున నిది కొంత పోలియున్నది.

ఇక దాశరథి రంగాచార్యుల "చిల్లర దేవుళ్లు" (1969). నిజాము కాలపు తెలంగాణ పల్లె, దేశముఖు గడి, ఆ గడికి బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చిన పాణి యను సంగీతజ్ఞుడు, దేశముఖు కూతురు మంజరి, గడిలోని ఆడబాప వనజ. ఆడబాప యనగా దొరల యింట పెండ్లికూతుతో పాటు అత్తవారింటికి పంపబడు దాసి. ఆమెకు పెండ్లి లేదు. గడిలోని మగవారికిని, వచ్చిన యతిథులకును ఆమె దేహము వశము. పుట్టిన బిడ్డలకు తండ్రి పేరు లేదు. శర్మిష్ఠ కథ పురాణమునుండి దిగి గడి పెరటిలో నిలుచున్నది. కాని యిచట శుక్రుని యానతి లేదు, శాపము లేదు. దొరసాని యలిగి పుట్టింటికి పోవుటయు లేదు. ఆడబాపను వెంట పంపినది ఆ పుట్టిల్లే గదా. పసివాడు వ్రేలెత్తి తండ్రిని చూపిన చూపవచ్చును, దానివలన యయాతికి ముదిమి రాదు.

రంగాచార్యులు చేసిన గొప్ప పని భాషకు సంబంధించినది. ఆయన తెలంగాణపు పలుకుబడిని సంభాషణలలో నిలిపెను. ఉర్దూ కలిసిన కచేరీమాట, పల్లెజనుల మాట, కోస్తానుండి వచ్చిన పాణి మాట వేఱువేఱుగ వినబడును. ఒకే తెలుగు జాతి యనుకొను వారి నడుమనే రెండు సంస్కృతులున్నవని ఆ మాటలే చెప్పుచున్నవి. గడిలోని కాపురపు రహస్యములను పాణి మెల్లమెల్లగ గ్రహించుట యొక పరాయి భాషను నేర్చుకొనుటవలె నుండును. అచ్చతెనుగున లేని హెచ్చుతగ్గులు ఈ సజీవభాషలో వెంటనే ప్రత్యక్షమగును: దొరకు నీవన్న పిలుపు చెల్లును, దాసికి బాంచెనన్న మాటయే చెల్లును. అందుచేత ఆడబాప మాటాడినంతమాత్రమున ఆమెకు గొంతు వచ్చినట్లు కాదు. ఆమె నోటికి దక్కిన భాషయే ఆమెను క్రింద నిలుపునట్టిది. తెలగనార్యుని శర్మిష్ఠ రాణితో సమముగ వాదింపగలిగినది కృత్రిమభాషలో; వనజ వాదింపలేనిది నిజమైన భాషలో. వాస్తవికత పెరిగినకొలది దాసి గొంతు తగ్గుట నవలాకారుని లోపము కాదు. వాస్తవమే యట్లున్నది.

భిన్నమతముల యిండ్ల లోపలిమాటను తెలుగు కథలోనికి తెచ్చినవారిలో నెల్లూరి కేశవస్వామి ముఖ్యులు. హైదరాబాదు పాతనగర జీవితమును లోపలినుండి యెఱిగిన ఆయన కథలు 1981లో "చార్మినార్" అను సంపుటముగ వెలువడినవి. నవాబుల దేవిడీలు, హిందూ మహమ్మదీయ కుటుంబముల స్నేహములు, 1948 నాటి కల్లోలము వానిలో కలవు. కాని యవి నగరపు కథలు. గండిపేట, హిమాయత్‌సాగరముల యవతల, బిజాపురపు బాట మీది పల్లెలలో దక్కనీ పలుకు రైతు, తెలుగు పలుకు పొరుగువాడు, ఇరువురి భాషలును వచ్చిన వారి యాడువారు: వారి కాపురముల భాష పరిశోధకులకు మిగిలియున్నది.

ఈ పని చేయదలచిన విద్యార్థులు నవలలనుండి గాక యింటి పలుకులనుండి మొదలు పెట్టుట మేలు. చేవెళ్ల, మొయినాబాదు గ్రామములలో వృద్ధస్త్రీలు చెప్పు కలహవృత్తాంతములను, తెలుగున నొకమాఱు, దక్కనీలో నొకమాఱు, అదే మనిషి నోట వ్రాసికొనవలెను. ఎవరి మాటను "అని" చేర్చి చెప్పుచున్నారు, ఎవరి మాటను తమ మాటలో కలిపివేయుచున్నారు, భర్త మాట నే భాషలో నుదాహరించుచున్నారు, అత్త మాట నే భాషలో, పనిమనిషి మాట నసలు ఉదాహరించుచున్నారా లేదా యని గుర్తింపవలెను. పెండ్లిపాటలలో అరణమును గూర్చిన చరణములు, ఖాజీలు వ్రాసిన నికాహ్‌నామాలు, కులపంచాయతీల తీర్పులు తోడు తెచ్చికొనవచ్చును. పంచాయతీ తీర్పులలో స్త్రీ సాక్ష్యము తఱచు ఆమె మాటగ గాక, ఆమె తరపు పురుషుడు చెప్పిన మాటగ నమోదగును. ఆ చోట్లను ప్రత్యేకముగ గుర్తుపెట్టికొనవలెను.